గట్టెక్కి పరుగు

గుడివాడలో ఏ మూడంతస్తుల మేడెక్కి చూసినా చూపుకి అడ్డం వచ్చేవి కొబ్బరి చెట్లు, సెల్ టవర్లు, గుడి గోపురాలే. కొండ కనపడదు. చిన్న గుట్ట కూడా కనపడదు. కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు మీద మనం ఇళ్లు కట్టుకున్నాం. అందుకే ఈ దిగువ డెల్టాలో నేల మట్టం కన్నా ఎత్తుగా ఏది కనపడినా దాదాపుగా అది మనిషి చేతి పనే. కాలువ గట్టు, చెరువు గట్టు, నది వెంబడి కరకట్ట, రైలు కట్ట, బౌద్ధస్తూపం దిబ్బ, కోట పునాది, తుపాను షెల్టరు. ఎవరో తట్టతో మట్టి మోసి పోస్తేనే ఆ నాలుగడుగుల ఎత్తు వచ్చింది.

పరుగు మొదలుపెట్టాలనుకునే మీకు ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒకటే. రోడ్డు దిగి గట్టెక్కండి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని నిమిషాలు అనే లెక్క తర్వాత చూద్దాం. ముందు ఎక్కడికి వెళ్లి వస్తారో తేల్చుకోండి. ఆ చోటికి ఒక నీళ్ల పక్క దారి ఉండాలి, ఆ దారి చివర చూడదగ్గ పాత గోడో దిబ్బో గుడో ఉండాలి. ఈ రెండూ కుదిరితే మీరు మానరు. నేను మానకపోవడానికి కారణం అదే.

నేను మొదటిసారి పరుగు మొదలుపెట్టింది బైపాసు రోడ్డు పక్కన. చేతికి కొత్త వాచీ, రోజుకి ఐదు కిలోమీటర్లని పట్టుదల. చేపల లోడు లారీలు చెవి పక్కనుంచి దూసుకుపోతుంటే, కళ్లు వాచీ మీద పెట్టి పరుగెత్తాను. పదిహేనో రోజుకి రెండు కాళ్ల ముందు ఎముకలు నిప్పు పెట్టినట్టు మండాయి. మేడ మెట్లు దిగలేకపోయాను. రెండు నెలలు మంచానికీ కుర్చీకీ మధ్యే తిరిగాను. అప్పుడు నడక కోసం మా అమ్మగారి ఊరి చెరువు గట్టు మీదికి వెళ్లడం మొదలైంది. నడక నెమ్మదిగా పరుగైంది. వాచీ ఎప్పుడు ఇంట్లో మర్చిపోయానో గుర్తు లేదు.

మొదటి నెల: ఊరి చెరువు

కృష్ణా డెల్టాలో మంచినీళ్ల చెరువు లేని ఊరు అరుదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలయ్యాక ఈ చెరువులు ఆ కాలువలకి తోబుట్టువులయ్యాయి. వేసవిలో కాలువ కట్టేసే ముందు చెరువు నింపి పెట్టుకుంటారు. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరికి ఆ నీళ్లే దిక్కు. చుట్టూ గట్టు, ఒక మూల రావిచెట్టు, ఇంకో మూల రామాలయం, రేవు మెట్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. ఎక్కడ ఆయాసం వచ్చినా ఇల్లు దగ్గరే. బళ్లు రావు. తెలిసిన ముఖాలే ఎదురవుతాయి. ముఖ్యంగా ఒంటరిగా బయటికి రావడానికి జంకే ఆడవాళ్లకి ఈ గట్టు భరోసా ఇస్తుంది. ఇద్దరు వదినలు, ఒక అక్క కలిసి మొదలుపెట్టిన చోట నెల తిరిగేసరికి పదిమంది అవడం నేను చూశాను.

మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మళ్లీ ఒక నిమిషం పరుగు. మొత్తం ఇరవై నిమిషాలు దాటొద్దు. వారానికి నాలుగు రోజులు చాలు, మిగతా మూడు రోజులు కాళ్లకి సెలవు. వారం వారం పరుగు నిమిషం పెంచుతూ నడక తగ్గించండి. వేగం ఎంతుండాలని అడిగితే నేను చెప్పే కొలత నోటిమాట. పక్కన పరుగెత్తే మనిషిని "రాత్రి కాలువ వదిలారటగా, మీ చేలోకి నీళ్లొచ్చాయా?" అని ఒక్క ఊపిరిలో అడగగలగాలి. మాట మధ్యలో తెగితే వేగం ఎక్కువైందన్న మాట. నెమ్మదించండి. ఊపిరికి, గుండెకి రెండు మూడు వారాల్లో అలవాటు వస్తుంది. ఎముకలకీ నరాలకీ నెలలు పడుతుంది. నా కాళ్ల ఎముకలు మండింది ఈ తేడా తెలియకే.

నలభై దాటినవాళ్లు, షుగరో బీపీనో ఉన్నవాళ్లు డాక్టరుకి ఒకసారి చూపించుకుని గట్టెక్కాలి. చెరువు తాగేనీళ్లది కాబట్టి బూట్లతో రేవులోకి దిగొద్దు, ముఖం కడుక్కోవద్దు. ఊరివాళ్లు మిమ్మల్ని మన్నించొచ్చు, చెరువుకి మాత్రం అది మంచిది కాదు.

కాళ్లకి ఏం తొడగాలి అనే చర్చ పెద్దగా అక్కర్లేదు. మడమ దగ్గర బిగువుగా, వేళ్ల దగ్గర బొటనవేలంత వదులుగా ఉండే మామూలు పరుగు బూట్లు చాలు. గట్టు సంగతి తెలుసుకోవడం ముఖ్యం. మన నల్లరేగడికి మూడు మొహాలున్నాయి. శీతాకాలంలో అది పరుపులా ఉంటుంది, మోకాళ్లకి హాయి. వాన పడిన మర్నాడు సబ్బు, అడుగుకి అరకిలో మట్టి బూటుకి అంటుకుంటుంది. మే నెలలో నెర్రెలిచ్చి పాదం పట్టేంత చీలికలు పడతాయి, చీకట్లో వాటిలో కాలు పడితే చీలమండ మడత పడుతుంది. వాన మర్నాడు కంకర వేసిన కరకట్టో సిమెంటు రోడ్డో చూసుకోండి.

బందరు కోట దాకా

చెరువు చుట్టూ అరగంట ఆగకుండా తిరగగలిగాక ఊరు దాటొచ్చు. మేం బందరని పిలిచే మచిలీపట్నంలో ఉండేవాళ్లకి నేను మొదట చెప్పే దారి బందరు కోటది. తెల్లవారుజామున కోనేరు సెంటరు దగ్గర మొదలుపెట్టి గిలకలదిండి వైపు పోవాలి. ఆ వేళకి ఊరు ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది. హార్బరు వైపు వెళ్లే ఆటోల్లో ఐసు పెట్టెలు, చేపల బుట్టలు. ఇళ్లు పలచబడేకొద్దీ గాలిలో ఉప్పు తెలుస్తుంది.

బందరులో పరుగెత్తేటప్పుడు పేటల పేర్లు చదువుకుంటూ పొండి. ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, వలందులంటే డచ్చివాళ్లు. గోల్కొండ సుల్తానులకి ఇది పెద్ద రేవు. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలో డచ్చివాళ్లు ఇక్కడ కొట్లు పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు వచ్చారు. వాళ్లందరినీ ఇక్కడికి లాక్కొచ్చింది మన బట్ట. కలంకారీ అద్దకం ఇప్పటికీ పక్కనే పెడనలో బతికుంది. నాలుగు కిలోమీటర్ల పరుగులో మూడు దేశాల పేర్లు దాటిపోవడం ఎన్ని ఊళ్లలో కుదురుతుంది!

కోట చేరాక అక్కడ రాజస్థాన్ కోటలాంటిది ఉంటుందని ఎదురుచూడొద్దు. మిగిలింది కొన్ని కట్టడాలు. మందమైన గోడలు, పైపూత రాలి బయటపడ్డ ఇటుకలు, వాటి సందుల్లో వేళ్లు దించిన రావి మొక్కలు. గోడ పక్కన ఆగి ఒకసారి అరచెయ్యి ఆనించండి. ఎండాకాలం తెల్లవారుజామున కూడా ఆ ఇటుక పగటి వేడిని ఇంకా దాచుకునే ఉంటుంది. ఆ గోడ ముందు నిలబడి చుట్టూ చూస్తే ఈ కోటని ఇక్కడే ఎందుకు కట్టారో తెలుస్తుంది. చుట్టూ రొంపి, ఉప్పు పర్రలు, పోటుకి నిండి పాటుకి ఖాళీ అయ్యే పాయలు. శత్రువు నడిచి రాలేడనే ధీమా. 1750 నుంచి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఈ కోటని 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు సేనాని రాత్రిపూట దాడి చేసి పట్టుకున్నాడు. అసలు దాడి ఒక పక్క నుంచి, ఉత్తుత్తి దాడి ఇంకో పక్క రొంపిలోంచి. ఎవరూ రాలేరనుకున్న వైపు నుంచి కాల్పులు వినపడేసరికి లోపలివాళ్లు తికమకపడ్డారు. ఉత్తర సర్కార్లు ఎవరివన్నది చాలావరకు ఆ రాత్రి తేలిపోయింది.

మనుషులు గెలవగలిగిన ఆ కోటని నీళ్లు ఇంకోలా గెలిచాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరులో, చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 30 వేల మంది పోయారు. ఆ తర్వాత సైన్యం ఇక్కడ నిలవలేదు. మీరు చెమట తుడుచుకుంటూ నిలబడే ఆ గడ్డి నేల మీద ఒకప్పుడు బారకాసులుండేవి.

తిరుగు దారిలో డచ్చి సమాధులు చూసి రండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చిన్న ఆవరణ. నల్లరాతి పలకల మీద అక్షరాలు చెక్కి లోపలికి దించినవి కావు, చుట్టూ రాయిని తొలిచి ఉబ్బెత్తుగా నిలబెట్టినవి. వంశచిహ్నాలు, శిరస్త్రాణాలు, ఆకుతీగెలు. మంచు పడిన పొద్దున ఆ ఉబ్బెత్తు అక్షరాల అంచున నీటిబొట్లు వరసగా నిలబడి ఉంటాయి. మనకి ఆ భాష రాకపోయినా అంకెలు చదవొచ్చు. పదహారువందల ఫలానా. సముద్రాలు దాటి వచ్చి ఈ ఉక్కపోతలో ప్రాణాలు వదిలినవాళ్లు. నేను అక్కడ పరుగెత్తను. బయట గేటు దగ్గరే ఆగి, ఊపిరి సర్దుకున్నాక నడుచుకుంటూ లోపలికి వెళ్తాను. మీరూ అలాగే చెయ్యమని అడుగుతున్నాను.

ఆదివారం దూరం పోవాలనుకుంటే మంగినపూడి ఉంది. బందరు నుంచి సుమారు 11 కిలోమీటర్లు. దారిలో చిలకలపూడి పాండురంగస్వామి గుడి. వెళ్లేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు ఆటో. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇసుక మీద పరుగు చూడ్డానికి బాగుంటుంది గానీ మడమ నరాన్ని లాగేస్తుంది. అలల అంచున తడి గట్టిగా ఉన్నచోట పది నిమిషాలకి మించొద్దు. స్నానానికి దిగేవాళ్లు గస్తీవాళ్ల మాట వినాలి, ఆ తీరం ఏటా ప్రాణాలు తీసుకుంటూనే ఉంది.

చల్లపల్లి గోడ వెంబడి

కోట అనగానే మా వైపు చాలామందికి ముందు గుర్తొచ్చేది చల్లపల్లి. యార్లగడ్డ వారి దేవరకోట జమీందారీకి ఇది గద్దె. బందరు కోటలో రాజ్యాలు పోట్లాడుకుంటే, చల్లపల్లిలో భూమి కోసం రైతులు జమీందారుతో పోట్లాడారు. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చేనాటికి చల్లపల్లి భూపోరాటం రాష్ట్రమంతా తెలిసిన మాట. కోట లోపలి భాగం జమీందారు వారసుల సొంత ఆస్తి, అందులోకి జొరబడొద్దు. గోడ బయట దారి చాలు.

చల్లపల్లిలో పరుగెత్తేవాళ్లకి ఇంకో అదృష్టం ఉంది. 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు రోజూ తెల్లారకముందే చీపుర్లు, పారలు పట్టుకుని రోడ్ల మీదికి వస్తున్నారు. ఊళ్లోకి వచ్చే దారుల పక్కన చెత్త తీసి పూలమొక్కలు వేశారు. ఇతర ఊళ్లలో రోడ్డు అంచున పరుగెత్తితే ముక్కు మూసుకోవాలి. ఇక్కడ గన్నేరు, నందివర్ధనం పక్కనుంచి పోతారు. పరుగు అయ్యాక పావుగంట వాళ్లతో కలిసి ఒక పార పట్టండి. నడుముకి, భుజాలకి పరుగు ఇవ్వని వ్యాయామం అది. నేను వెళ్లినప్పుడల్లా చేస్తాను. చేసిన రోజు టిఫిను రుచి వేరు.

అక్కడికి దగ్గర్లోనే ఘంటసాల. గాయకుడి ఇంటిపేరుగా తెలిసిన ఆ మాటకి రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. రెండో శతాబ్దపు టాలెమీ తన భూగోళ గ్రంథంలో చెప్పిన కంటకస్సిల ఈ ఊరేనని పండితుల మాట. ఇక్కడ ఇటుకల మహాస్తూపం, చిన్న మ్యూజియం ఉన్నాయి. గుడివాడలోనూ అలాంటి స్తూపం ఉండేది, దాని దిబ్బ ఇప్పటికీ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో గుడివాడ, భట్టిప్రోలు స్తూపాల ఇటుకలూ రాళ్లూ రోడ్లకీ కాలువ కట్టడాలకీ తరలిపోయాయి. కంకర దొరకని దేశంలో గట్టి రాయి కనపడితే వదల్లేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చదును నేల మీద పరుగెత్తి పరుగెత్తి, ఘంటసాల స్తూపం దగ్గర తల ఎత్తి చూడాల్సి రావడంలో ఒక సుఖం ఉంది. దాని చుట్టూ ప్రదక్షిణంగా మూడుసార్లు నడిచి కాళ్లు చల్లార్చుకోండి. స్తూపం మీదికి ఎక్కొద్దు.

కొల్లేటి కోట

చెరువు కన్నా పెద్ద నీళ్లు చూడాలంటే గుడివాడ నుంచి కైకలూరు వైపు పోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో నిలిచిన కొల్లేరు. ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి దారి. 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రాంసర్ జాబితాలోకి వెళ్లింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున కొట్టేశారు. ఆ కథ ఇంకా ముగియలేదు.

సరస్సులో కొల్లేటికోట అనే ఊరుంది. పెద్దింట్లమ్మ తల్లి కొలువున్న చోటు. ఒరిస్సా గజపతుల కోట ఇక్కడ ఉండేదని చెప్పుకుంటారు. చుట్టూ శత్రువు దండు దిగినప్పుడు సరస్సు నీళ్లు సముద్రంలోకి తీసెయ్యడానికి కాలువ తవ్వారని, ఆ పని నెరవేరడం కోసం సేనాపతి కూతురు బలైందని, ఆమె వల్లే ఆ కాలువకి పేరంటాల కనమ అనే పేరు నిలిచిందని స్థల కథ. ఫాల్గుణ మాసంలో జాతర. కోట ఆనవాళ్లు వెతుక్కుంటూ పోతే దొరికేవి కొద్ది. కథ మాత్రం పొద్దుటి పొగమంచులో నీళ్ల మధ్య దారి మీద పోతుంటే ఒళ్లు జలదరించేలా చేస్తుంది.

ఇక్కడికి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రండి. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులు గుంపులు. వాటి గూళ్లకి దగ్గర్లో పరుగు వద్దు. పరుగెత్తే మనిషి పక్షికి వేటగాడిలాగే కనపడతాడు. దూరంలోనే నడకలోకి దిగండి. చేపల చెరువుల గట్లు పరుగుకి బాగున్నట్టు కనపడతాయి గానీ అవి వద్దు. అవి వేరేవాళ్ల బతుకుతెరువు, కాపలా కుక్కలుంటాయి, ఏరేటర్లకి కరెంటు తీగలు గడ్డిలో పడి ఉంటాయి. తడి కాలు, తెగిన తీగ కలిస్తే చెప్పేదేముంది. కోసిన చేలల్లో బాతుల మందలు మేస్తుంటే వాటిని చెదరగొట్టకుండా మందకి ఎడంగా చుట్టుతిరిగి పొండి.

రోడ్డు మీద ధాన్యం, ఒంట్లో ఉప్పు

సార్వా కోతలయ్యాక డిసెంబరులో, దాళ్వా తర్వాత ఏప్రిల్‌లో మన రోడ్లకి సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ వడ్ల మీద కాలు పెట్టొద్దు. రెండో సగంలో బళ్లకి ఎదురుగా, కనపడేలా పొండి. ఎప్పుడైనా రోడ్డు మీద పోవాల్సి వస్తే కుడిపక్కనే పోవాలి, వచ్చే బండి మీకు కనపడాలి. చీకట్లో తెల్ల బనీను, తలకి లైటు. జనవరి పొగమంచులో పది అడుగుల ముందు కనపడని రోజున రోడ్డు పూర్తిగా మానెయ్యండి, చెరువు గట్టుకి వెనక్కి రండి.

బందరు ఎండ విజయవాడ ఎండంత ఉండదని కొందరు ధీమాగా ఉంటారు. ఉష్ణోగ్రత తక్కువే కావచ్చు. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఐదున్నరకి పరుగు ముగించెయ్యాలి. రోహిణి కార్తెలో నడక చాలు. కళ్లు తిరగడం, ఎండలో చలి పుట్టి రోమాలు నిక్కబొడుచుకోవడం, మాట తడబడటం ఈ మూడింట్లో ఏది కనపడినా ఆగిపోండి, నీడకి చేరండి, తడిగుడ్డ మెడకీ చంకలకీ పెట్టండి. మనిషి మాట తికమకగా ఉంటే ఆలోచించకుండా 108కి చెయ్యండి.

తాగడానికి ఖరీదైనవేవీ అక్కర్లేదు. పరుగుకి ముందు ఒక గ్లాసు నీళ్లు, తర్వాత ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, దానిలో నిమ్మకాయ. వేసవిలో చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరుని అడగాలి. బందరు లడ్డు మీద నాకు ప్రేమ ఎక్కువే, అయినా దాన్ని పరుగుకి ముందు తినకండి.

గట్ల మీద పాములుంటాయి. ఎలుక ఉన్న చోట పాము, వరి ఉన్న చోట ఎలుక. మన వైపు నాగుపాము, రక్తపింజర రెండూ తిరుగుతాయి. గడ్డి పెరిగిన సన్నగట్టు మీద చీకట్లో పోవద్దు, బండి పట్టేంత వెడల్పున్న గట్టే పట్టుకోండి, చేతిలో టార్చి ఉండాలి. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, పసరు పోయడం ఏదీ చెయ్యొద్దు. కాలు కదపకుండా, పరుగెత్తకుండా, ఎవరి బండి మీదైనా ప్రభుత్వాసుపత్రికి చేరండి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

కరకట్ట మీద దివిసీమకి

ఇవన్నీ ఒంటికి పట్టాక నా ప్రాణమైన దారి చెప్తాను. కృష్ణా కరకట్ట. వరదని ఊళ్ల మీదికి రానివ్వకుండా నది పొడవునా కట్టిన గట్టు. ఒక పక్క చెరుకు, అరటి, పసుపు తోటలు. ఇంకో పక్క రెల్లు, ఇసుక, నది. శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఈ నది ఒడ్డునే ఉంది, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాయడానికి కల వచ్చిన చోటు. పరుగు అక్కడ మొదలుపెడితే దణ్ణం పెట్టుకుని బయల్దేరొచ్చు. ఇంకా కిందికి పోతే మోపిదేవి, ఆ తర్వాత పులిగడ్డ.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. ఇక్కడి అక్విడక్టు దగ్గర తప్పకుండా ఆగండి. నది పాయ మీద కట్టిన తొట్టిలాంటి వంతెన మీదుగా కాలువ దివిలోకి పోతుంది. పైన సాగునీరు ఒక దిక్కుకి, కింద నది ఇంకో దిక్కుకి. నీళ్లు నీళ్లని దాటే చోటు. పొద్దున్నే పైన కాలువ నీరు గోడలకి రాసుకుంటూ పోయే సన్నని చప్పుడు, కింద పాయలో వల విసిరిన చప్పుడు రెండూ ఒకేసారి వినపడతాయి. నేను అక్కడ కనీసం పది నిమిషాలు కూర్చుంటాను.

అవనిగడ్డ దాటితే ఒక దారి నాగాయలంక వైపు, ఒక దారి కోడూరు మీదుగా హంసలదీవి వైపు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి, అక్కడినుంచి పాలకాయతిప్ప మీదుగా సాగర సంగమం. దారి పక్కన మడ అడవి. జనవరి నుంచి మార్చి దాకా సముద్ర తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో చీకట్లో లైట్లతో తీరం మీద పరుగు వద్దు, వెలుతురు వాటికి దారి తప్పిస్తుంది. అటవీ శాఖవాళ్లు ఆపితే వాదించకుండా వెనక్కి తిరగండి.

దివిసీమలో ఒక సంగతి నాకు అక్కడి పెద్దాయన నేర్పాడు. నాగాయలంక దిగువన ఒక గట్టు మీద పొద్దున్నే పరుగెత్తుకుంటూ ఒక చిన్న పల్లె దగ్గరికి వచ్చాను. గట్టు అంచున గొంతుక్కూర్చుని పళ్లు తోముకుంటున్న ముసలాయన నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు. వేపపుల్ల కింద పడిపోయింది. ఆయన చూపు నా మీద లేదు. నా వెనక, సముద్రం వైపు ఉంది.

"ఏమైంది నాయనా?" అన్నాడు.

"ఏం లేదు బాబాయ్, ఊరికే. ఆరోగ్యానికి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. మళ్లీ కూర్చున్నాడు. "మాకు ఎవరన్నా అట్నుంచి పరుగెత్తుకొస్తే గుండె ఆగుతుంది నాయనా" అన్నాడు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి పాతికేళ్లు. ఈ సీమలో వేల మంది పోయిన రోజు. పరుగెత్తి గట్టెక్కినవాళ్లు, తాటిచెట్టు ఎక్కినవాళ్లు, గుడి పైకప్పు మీద చేరినవాళ్లు మిగిలారు. ఆయన ఇంట్లోంచి ఇద్దరు మిగిలారు. ఇదంతా ఆయన ఏడవకుండా, నీటి మట్టం ఎంతొచ్చిందో చెయ్యెత్తి చూపించి చెప్పాడు. ఆ చెయ్యి నా తల మీదుగా చాలా పైకి పోయింది. నేను గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఇంట్లోకి కేకేసి టీ తెప్పించాడు.

అప్పటినుంచి దివిసీమ దిగువ పల్లెల్లో నేను ఒక పద్ధతి పాటిస్తున్నాను, మీకూ చెప్తున్నాను. పల్లె మొదటి ఇల్లు కనపడగానే పరుగు ఆపండి. నడవండి. ఎదురైనవాళ్లని "బాగున్నారా" అని పలకరించండి. పిల్లలు వెంటపడితే వాళ్లతో కలిసి నడవండి. తుపాను షెల్టరు కనపడితే అది ఎక్కడుందో, దానికి దారెటో గుర్తుపెట్టుకోండి. చివరి ఇల్లు దాటాక, గట్టు మలుపు తిరిగాక, ఎవరికీ కనపడనంత దూరం వచ్చాక మళ్లీ మొదలుపెట్టండి.